థ, ధల పోలికను ఎలా కొలవాలి?

ప్రశ్న: చదవడంలో ఇబ్బంది పడే పిల్లల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. థను ధ అనీ, మను య అనీ చదివే తప్పుల్లో ఆకారం పోలిక వాటా ఎంతో తేల్చాలి. అక్షరాల బొమ్మలు ఒకదానిమీద ఒకటి పెట్టి, కలిసిన పిక్సెళ్లు లెక్కపెడితే చాలదా? థ, ధలకు తేడా లోపలి చుక్క ఒక్కటే కదా, ఆ లెక్కలో రెండూ దాదాపు ఒకటే అవుతున్నాయి. పైగా ఫాంట్ మారిస్తే అంకెలన్నీ మారిపోతున్నాయి. అదే టెన్షన్.

జవాబు 1: పిక్సెళ్లొక్కటే నమ్ముకోకండి. ఇంగ్లిష్ చిన్న బి, డి చూడండి. అద్దంలో ప్రతిబింబాల్లాంటివి, ఒకదానిమీద ఒకటి పెడితే నిలువు గీతలే కలవవు. అయినా పిల్లలు తారుమారు చేస్తారు. ఏ జత ఎంత పోలి ఉందో మనుషులతోనే మార్కులు వేయించండి. 2013లో సింప్సన్ అనే పరిశోధకుడి బృందం లాటిన్ అక్షరాల జతలకు 7 పాయింట్ల స్కేలు మీద అలాగే వేయించింది.

జవాబు 2: మార్కులు తీరిగ్గా చూసి వేస్తారు, చదివేటప్పుడు అంత తీరిక ఎక్కడిది? అక్షరాన్ని రెప్పపాటు చూపించి, తప్పులను పట్టికగా వేయండి. థను ధ అన్నవి వేరు, ధను థ అన్నవి వేరు. రెండూ సమానంగా రావాలని లేదు. ఇంకోటి, ఈ జత పలకడంలోనూ దగ్గరే. పైకి చదివిస్తే తప్పు కంటిదో చెవిదో తేలదు. ఈ జతకైతే రెండు అక్షరాలు చూపించి ఒకటేనా, వేరా అని మాత్రమే అడగండి.

ప్రశ్న అడిగినవారు: అయితే మ, యలతో మొదలుపెడతాను. పలకడంలో వాటికి పోలికే లేదు.