హారర్ సినిమాలకి ఈ క్రిటిక్‌ని నమ్మొచ్చా? హైదరాబాద్ వాళ్ళు కాస్త చెప్పండి

సెకండ్‌షో_శ్రీను:
అందరికీ నమస్తే. తెలుగులో రివ్యూలు రాసే ఒకాయన్ని కాలేజీ రోజుల్నుంచి ఫాలో అవుతున్నా, పేరు వద్దులెండి. ఫ్యామిలీ సినిమాలు, లవ్ స్టోరీలు అయితే ఆయన బాగుందంటే నాకూ బాగుంటుంది, బోర్ అంటే బోరే. హారర్ దగ్గరికొచ్చేసరికే ఎక్కడో తేడా కొడుతోంది. సీరియస్ దెయ్యం సినిమా ఏదొచ్చినా రెండుంపావు, మహా అయితే రెండున్నర, కింద మైనస్ పాయింట్స్‌లో "ఫస్టాఫ్ ల్యాగ్, ఎంటర్‌టైన్‌మెంట్ తక్కువ, లాజిక్ మిస్" అని ప్రతిసారీ అవే ముక్కలు. అదే దెయ్యం వచ్చి నాలుగు జోకులేస్తే మాత్రం మూడు వేసేస్తాడు. పోనీ యూట్యూబ్ వాళ్ళని నమ్ముదామా అంటే ప్రసాద్స్ బయట మైకు పట్టుకుని అరిచేవాళ్ళకి ఏదైనా "గూస్‌బంప్స్ మామా"నే. మా గ్యాంగ్‌లో టికెట్లు బుక్ చేసేది నేను, సినిమా తేడా కొడితే ఇంటర్వెల్ నుంచి ఇంటికొచ్చేదాకా తిట్లు పడేది కూడా నాకే. అందుకని అడుగుతున్నా, ఇలాంటి సినిమాలకి ఆయన్ని చదవడం మానేయాలా, లేక రివ్యూ చదవడంలోనే ఏదైనా పద్ధతి ఉందా? మీరు ఎలా డిసైడ్ అవుతారు?

క్రాస్‌రోడ్స్_కాకా:
తమ్మీ, నువ్వు ఉత్తగనే పరేషాన్ అయితున్నవ్. భయపెట్టే సినిమాలకు క్రిటిక్‌లు మొదటిరోజే మంచి మార్కులేసుడు ఎప్పుడున్నది? 1960ల సైకో సినిమా వచ్చినప్పుడు డైరెక్టర్ హిచ్‌కాక్ విలేకర్లకు ముందస్తు షో ఎయ్యనే లేదు, జనాలతోని పాటే టికెట్ కొనుక్కొని చూడుండ్రి అన్నడు, షో షురూ అయినంక ఎవ్వరినీ లోపలికి రానియ్యద్దని రూల్ గూడ పెట్టిండు. న్యూయార్క్ టైమ్స్‌ల రాసే బోస్లీ క్రౌథర్ ఫస్ట్ రివ్యూల పెద్దగ మెచ్చుకోలే, మళ్ళ సంవత్సరం ఆఖర్ల తన టాప్ టెన్ లిస్టుల అదే సినిమా పెట్టిండు. 1982ల వచ్చిన హారర్ సినిమా ది థింగ్ సంగతి ఇంకా ఘోరం. గప్పటికి రెండు వారాల కింద మంచి గ్రహాంతరవాసి కథ ఈ.టీ. వచ్చి అందరి మనసు మెత్తగ చేసి పెట్టింది, ఇది పోయి మంచుల మనుషుల్ని చీల్చి చూపించింది, పేపర్లోళ్ళు దుమ్మెత్తి పోసిండ్రు. ఇప్పుడు ఎవన్నైనా అడుగు, దాన్ని క్లాసిక్ అంటడు.

మనకాడ గూడ అంతే. రాంగోపాల్ వర్మ శివ తోని పేరు తెచ్చుకున్నంక 1992ల రాత్రి తీసిండు. ఇప్పటి పిల్లలు దాన్ని నెత్తిమీద పెట్టుకుంటరు, దెయ్యాన్ని పెద్దగ చూపియ్యకుండ కెమెరా ఉరుకుడు తోనే గుండెలు జారిపిచ్చిండు అని. నేనైతే రివ్యూ చదువుడే బంద్ జేసిన. పోస్టర్ జూస్త, డైరెక్టర్ ఎవరో జూస్త, సెకండ్ షోకు పోత. అంతే.

వీకెండ్_విలన్:
దెయ్యం సినిమాకి లాజిక్ అడిగే క్రిటిక్, పాప్‌కార్న్‌కి బిల్లు అడిగే నువ్వు, ఇద్దరూ ఒకటే బ్రో 😂

కూకట్‌పల్లి_అమ్మ:
మీరందరూ ఆయన్ని తిడుతున్నారు కానీ నాకు మాత్రం ఆయనే కావాలి. మీరు చెప్పేది ఎవరి గురించో అర్థమైంది. ఆయనకి హారర్ పడదు, నాకూ పడదు, కానీ మా ఆయనకీ పెద్దవాడికీ పిచ్చి. ఆయన రెండుంపావు వేసి "హింస ఎక్కువ, కలతపెట్టే సీన్లున్నాయి" అని రాస్తే మేం ఇంట్లో ఉండిపోతాం, వాళ్ళిద్దర్నీ పంపిస్తాం. మూడు వేస్తే అందరం వెళ్తాం. నాకింతవరకు ఇబ్బంది రాలేదు.

నా కంప్లైంట్ వేరే. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా లేదా అనేది ఎవరూ సరిగ్గా రాయరు. 2024 నుంచి సెన్సార్ వాళ్ళు యూఏ అని ఒకే ముద్ర వేయకుండా ఏడేళ్ళు పైన, పదమూడు పైన, పదహారు పైన అని మూడు రకాలు చేశారు కదా, రివ్యూలో కనీసం ఆ ముక్క ఉండదు. నిడివి రాస్తారు, నిర్మాత పేరు రాస్తారు, సినిమాటోగ్రాఫర్ పేరు రాస్తారు, పసిపిల్లకి ఏదో అయ్యే సీన్ ఉందని మాత్రం చెప్పరు. చెబితే స్పాయిలర్ అంటారు. నాకు కథ అక్కర్లేదు బాబూ, మా చిన్నది రాత్రి నా పక్కన పడుకుంటుందా లేక నా మీద పడుకుంటుందా అది చెప్పండి చాలు.

మాసాబ్‌ట్యాంక్_మనోజ్:
అమ్మగారు చెప్పింది ఈ థ్రెడ్ మొత్తానికి పనికొచ్చే మాట, శ్రీనూ, నువ్వది పట్టుకో. ఆ క్రిటిక్‌కి హారర్ పడదు, పడని సంగతి ప్రతి రివ్యూలోనూ ఒకేలా కనిపిస్తోంది. ఒకేలా ఉన్నాడు కాబట్టే ఆయన మాట నీ లెక్కలోకి మార్చుకోవచ్చు. ఈవారం ఒకలా, వచ్చేవారం హీరోని బట్టి ఇంకోలా రాసేవాడితోనే చావు. నీ క్రిటిక్ "కామెడీ లేదు, స్లోగా ఉంది, చివర్లో క్లారిటీ లేదు" అని రాశాడంటే నువ్వు వెంటనే టికెట్ బుక్ చేసెయ్, అది నీ సినిమా. "భయం తక్కువైనా సరదాగా సాగిపోతుంది" అన్నాడంటే ఓటీటీకి వదిలెయ్. అంకెని పక్కన పెట్టి ఆయన ఏం చూశాడో రాసిన రెండు మూడు పేరాలు మాత్రం శ్రద్ధగా చదువు.

ఇంతకీ ఆయన కొలత అలా ఎందుకు తయారైందో కూడా ఆలోచించు. 2013లో ప్రేమకథా చిత్రమ్ ఆడాక మన దగ్గర దెయ్యం అంటే కామెడీ అనే అలవాటు పడిపోయింది, మరుసటేడు గీతాంజలి, ఆ పైఏడు రాజుగారి గది, 2017లో ఆనందో బ్రహ్మ వచ్చి ఏకంగా దెయ్యాలే మనుషుల్ని చూసి భయపడేదాకా వెళ్ళింది. సరదా సినిమాలే, నేను కూడా నవ్వుకున్నా. కానీ ఆ నాలుగైదేళ్ళు వారం వారం రివ్యూలు రాసినవాళ్ళకి దెయ్యం సినిమాలో "ఎంటర్‌టైన్‌మెంట్" ఉండాలనేది రూల్ అయిపోయింది. తర్వాత 2022లో మసూద, 2023లో విరూపాక్ష, మా ఊరి పొలిమేర రెండో భాగం, ఇలా మళ్ళీ సీరియస్‌గా భయపెట్టేవి వచ్చాయి, జనం మారారు, రివ్యూ ఫార్మాట్ మారలేదు. కథ, ప్లస్ పాయింట్స్, మైనస్ పాయింట్స్, సాంకేతిక విభాగం, తీర్పు. చేతబడి సినిమాకీ అదే, పెళ్ళి సినిమాకీ అదే. పెళ్ళిభోజనానికొచ్చి పథ్యం కూర లేదేంటి అన్నట్టుంటుంది ఒక్కోసారి.

"లాజిక్ లేదు" అనే మాట మీద నాకు ప్రత్యేకంగా మంట. దెయ్యం సినిమాలో లాజిక్ ఉంటే దెయ్యమే ఉండదు కదా. అక్కడ చూడాల్సింది ఆ సినిమా తనకి తాను పెట్టుకున్న నియమాలు. దెయ్యం గడప దాటలేదని చెప్పి ఇంటర్వెల్ తర్వాత బస్టాండ్‌లో కనిపిస్తే అది తప్పు, రాయాలి, ఉతికి ఆరేయాలి. ఆ ఇల్లొదిలి ఎందుకు వెళ్ళిపోరు అనే ప్రశ్నకి కథలో సరైన కారణం ఉందా, డబ్బుల్లేకా, మంచంలో ఉన్న మనిషిని కదపలేకా, ఊరు కట్టడి చేశారా, అది చూడాలి. భయం దేనిమీద కట్టారు, పిల్లలకి ఏమవుతుందోననా, ఊళ్ళో మనుషులే ఒకళ్ళనొకళ్ళు అనుమానించుకోవడమా, ఇవి రాసేవాడు దొరికితే వదలొద్దు.

ఇంగ్లీష్‌లో చదివే ఓపిక ఉంటే బ్రిటన్‌లో కిమ్ న్యూమన్, మార్క్ కెర్మోడ్ అనే క్రిటిక్‌లు ఉన్నారు. కెర్మోడ్ హారర్ సాహిత్యం మీద డాక్టరేట్ చేసినవాడు, ఎక్సార్సిస్ట్‌ని మించిన సినిమా లేదని ఊళ్ళన్నీ తిరిగి చెబుతాడు. అంత ప్రేమ ఉన్నా బాగోలేని దెయ్యం సినిమాని చీల్చి పెడతాడు, ఎందుకంటే ఆ జాన్రాలో ముందేమొచ్చాయో తెలుసు, ఏది ఎక్కడినుంచి ఎత్తారో ఇట్టే పట్టేస్తాడు. మన దగ్గర జాన్రా అభిమానులం అని ఛానెళ్ళు పెట్టినవాళ్ళు మాత్రం ప్రతిదానికీ నాలుగు వేస్తారు, దానికంటే నీ రెండుంపావు ఆయనే నయం.

కాకా గారూ, క్రిటిక్‌లే ఎప్పుడూ తక్కువ వేస్తారన్నది పూర్తిగా నిజం కాదండీ. 2018లో హెరిడిటరీ అనే హారర్ సినిమాని అమెరికా క్రిటిక్‌లు ఆకాశానికెత్తారు, మొదటి రోజు ప్రేక్షకుల చేత కార్డుల మీద గ్రేడ్లు వేయించే సినిమాస్కోర్ సర్వేలో జనం ఇచ్చింది డీ ప్లస్, అంటే బాగా తక్కువ గ్రేడ్. ట్రైలర్ చూసి ఒకటి ఊహించుకుని వెళ్ళారు, లోపల ఇంకోటి కనిపించింది. అన్నట్టు శ్రీనూ, రివ్యూలన్నీ పోగేసే రాటెన్ టొమాటోస్ సైట్‌లో శాతం చూసి కూడా మోసపోకు, ఎంతమంది పర్లేదన్నారో చెబుతుంది తప్ప ఎంత బాగుందో చెప్పదు. అందరూ "ఓకే, ఒకసారి చూడొచ్చు" అన్నా నూటికి నూరు చూపిస్తుంది.

క్రాస్‌రోడ్స్_కాకా:
మనోజ్, ఆ అమెరికా గ్రేడ్లు నాకు తెల్వది గని, ఇన్ని లెక్కలు జేసి సినిమాకు పోతే ఇంక భయమెక్కడిది? ముందే తెలిసిపోతది గదా.

సౌండ్‌దీప:
ఆలస్యంగా వచ్చా. నేను ఫిల్మ్‌నగర్ వైపు ఒక సౌండ్ స్టూడియోలో అసిస్టెంట్‌ని. ఇంత చర్చలో ఎవరూ అనని సంగతొకటుంది, క్రిటిక్ ఆ సినిమాని ఎక్కడ చూశాడు అన్నది.

మేం మిక్సింగ్ (మాటలు, శబ్దాలు, సంగీతం కలిపే పని) చేసేటప్పుడు సౌండ్ ప్రాసెసర్ మీద వాల్యూమ్ అంకె 7 దగ్గర పెట్టి చేస్తాం. ముందు స్పీకర్లు ఒక్కోదాన్నుంచి పింక్ నాయిస్ (టెస్టింగ్‌కి వాడే హోరు శబ్దం) వేస్తే మీటర్ 85 డెసిబెల్స్ చూపించాలి, ప్రపంచమంతా అదే లెక్క. థియేటర్లో ఏం జరుగుతుందంటే యాడ్స్, ట్రైలర్లు గోలగోలగా ఉంటాయి, జనం కంప్లైంట్ చేస్తారు, ఆపరేటర్ 5కి దించుతాడు, సినిమా మొదలయ్యాక మళ్ళీ పైకి పెట్టేవాడు ఉండడు. 7 నుంచి 5 అంటే దాదాపు ఏడు డెసిబెల్స్ పోయినట్టు. మాస్ సినిమాకి పెద్ద నష్టం లేదు, ఫైట్ ఫైటే. హారర్‌కి ప్రాణం పోతుంది. దూరంగా తలుపు గడియ శబ్దం, వెనక స్పీకర్లోంచి ఊపిరి, సన్నటి హమ్ ఒకటి పది నిమిషాలు మెల్లమెల్లగా పెంచుతూ వెళ్ళి సడన్‌గా ఆపేస్తాం, మీకు తెలియకుండానే ఒళ్ళు బిగుసుకునేది అక్కడే. అవన్నీ ఏసీ చప్పుడు కింద, పక్కవాడి నాచోస్ కింద మునిగిపోతాయి. మిగిలేది ఢామ్మని వచ్చే జంప్ స్కేర్ ఒక్కటే. క్రిటిక్ ఇంటికెళ్ళి ఏం రాస్తాడు? "బిల్డప్ లేదు, ఊరికే శబ్దాలతో భయపెట్టారు" అని. పాపం ఆయనకి నిజంగా వినిపించింది అంతే.

పైగా మొదటి రోజు పొద్దున ఆట, చుట్టూ సగం మంది ఫోన్ తీసి ఇంటర్వెల్ టాక్ టైప్ చేస్తుంటారు, ఆ వెలుగులో ఏ దెయ్యం పనిచేస్తుంది చెప్పండి. అందుకే "బీజీఎం బాగుంది" అని ఒక్క లైన్ రాసి వదిలేసే రివ్యూని నేను పట్టించుకోను. ఎక్కడ నిశ్శబ్దం వాడారు, ఏది వినిపించి భయపెట్టారు అని ఒక్క వాక్యం రాసినా సరే, ఆ మనిషి చెవులు పెట్టి చూశాడని నమ్ముతా.

సెకండ్‌షో_శ్రీను:
దీప గారూ మీరు చెప్పాక నాకు ఇంకో డౌట్ వచ్చింది, మేం ఎప్పుడూ లాస్ట్ రో రిక్లైనర్లే తీసుకుంటాం, మరి అక్కడ సౌండ్ ఎలా ఉంటుంది? మనోజన్నా, నువ్వు చెప్పినట్టు ఆయన పాత రివ్యూలు తీసి మళ్ళీ చదివా, నాకు నచ్చిన ప్రతి హారర్ సినిమాకీ "థ్రిల్స్ ఉన్నా ఆహ్లాదం లేదు" అనే లైన్ ఉంది 😂 ఆహ్లాదం కోసం దెయ్యం సినిమాకి ఎవడెళ్తాడు సార్. అమ్మగారూ, పిల్లల విషయం ఇక్కడ కూడా ఎవరం రాయట్లేదు నిజమే, ఇకనుంచి నేను చూసినవాటికి అదొక్కటైనా రాస్తా.

కూకట్‌పల్లి_అమ్మ:
సంతోషం బాబూ. నెత్తురు సంగతి కూడా రాయి. దెయ్యం కంటే మా చిన్నదానికి నెత్తురంటేనే భయం.

వీకెండ్_విలన్:
రిక్లైనర్‌లో పడుకుని హారర్ చూస్తే భయం కాదు నిద్రొస్తది బ్రో

సౌండ్‌దీప:
శ్రీను గారూ, లాస్ట్ రో వద్దు. వెనక స్పీకర్లు మీ తల మీదే ఉంటాయి, అవొక్కటే గట్టిగా వినిపించి ముందునుంచి వచ్చేది పల్చబడుతుంది. హాల్లో ముందు గోడ నుంచి మూడింట రెండొంతులు వెనక్కి, మధ్యలో సీట్లు చూడండి, మేం బ్యాలెన్స్ చూసుకునేది సుమారు అక్కడి నుంచే. వీకెండ్ కాకుండా మంగళవారమో బుధవారమో రాత్రి ఆట అయితే ఫోన్లు కూడా తక్కువ. సినిమా మొదలయ్యాక మాటలు సన్నగా వినిపిస్తుంటే మొహమాటపడకుండా బయటికెళ్ళి స్టాఫ్‌తో సౌండ్ పెంచమని చెప్పండి, అడిగితే చాలాచోట్ల పెంచుతారు, ఎవరూ అడగరు అంతే.

క్రాస్‌రోడ్స్_కాకా:
సింగిల్ స్క్రీన్‌ల అయితే అడగవల్సిన పనే లేదు బిడ్డా, వెనకకెల్లి ఎవడో ఒకడు "సౌండ్ పెంచురా" అని ఒర్లుతనే ఉంటడు.