‘పిచ్చి’ అనాలా, ‘ఉన్మాదం’ అనాలా?

వలస పాలన చూసిన దేశాల సాహిత్యంలో మతి తప్పిన పాత్రల గురించి ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘మ్యాడ్‌నెస్’ అన్న మాట పేజీకి నాలుగైదు సార్లు వస్తోంది. మొదట అన్నిచోట్లా ‘ఉన్మాదం’ అని రాసుకుంటూ పోయాను. పది పేజీలయ్యాక వెనక్కి వెళ్లి చదువుకుంటే ఆ పాత్రలందరూ కత్తులు పట్టుకుని తిరుగుతున్నట్టు అనిపించింది. ‘పిచ్చి’ అందామంటే చులకన చేసినట్టవుతుందేమోనని భయం. ఏది వాడమంటారు?

*

మీ అనుమానం సరైనదే. అలంకారశాస్త్రం చెప్పే ముప్ఫై మూడు సంచారీ భావాల్లో, అంటే మనసులో వచ్చిపోయే భావాల్లో, ఉన్మాదం ఒకటి. విరహంలో చెట్టునూ పుట్టనూ పలకరించే స్థితి అది. పత్రికలు దాన్ని మతోన్మాదం, యుద్ధోన్మాదం చేశాక ఆ సౌకుమార్యం కాస్తా పోయింది. ఇప్పుడు ‘ఉన్మాది’ అన్న మాట శీర్షికలో కనిపిస్తే కింద ‘ఘాతుకం’ ఉందేమోనని వెతుక్కుంటాం.

‘పిచ్చి’ని మాత్రం అంత తొందరగా తోసెయ్యకండి. పిచ్చిమొక్క ఉంది, పిచ్చిగీతలున్నాయి, పుస్తకాల పిచ్చి ఉంది, ‘పిచ్చితల్లీ’ అనే లాలన కూడా ఉంది. వీటిలో దేనిలోనూ జబ్బు లేదు. చూసేవాడి లెక్కకు అందని ప్రతిదానికీ మనం పెట్టుకున్న పేరది. ఎవరూ నాటకుండా మొలిచిన మొక్కను పిచ్చిది అనేది తోట యజమానే.

ఈ అర్థం మీ వ్యాసానికి బాగా పనికొస్తుంది. షార్లెట్ బ్రాంటే 1847 నాటి నవల ‘జేన్ ఐర్’లో కథానాయకుడు మేడ మీద బంధించి ఉంచిన భార్య బెర్తా గుర్తుంది కదా. కరీబియన్ దీవి డొమినికాలో పుట్టిన జీన్ రీస్ 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ నవల రాసి ఆమెకు బాల్యాన్నీ జమైకానూ ఇచ్చింది. అక్కడ ఆమె పేరు ఆంట్వనెట్. ‘బెర్తా’ భర్త తగిలించిన పేరు. పిచ్చిదని తీర్పు చెప్పిందీ అతడే. అలాంటిచోట మీ వాక్యంలో ‘ఉన్మాదిని’ అని రాస్తే ఆయన తీర్పు కింద మీరు సంతకం పెట్టినట్టే. ఆమె తల్లికీ మతి తప్పిందని అతడి చెవిన వేస్తూ ఉత్తరం రాసేవాడొకడు ఉంటాడు. వాడి నోట ‘మతి చెడింది’ అనే గుసగుస మాట పెట్టండి. ఎవరి నోట ఏ మాట అన్నది తేలితే సగం చిక్కు విడిపోతుంది.

*

ప్రశ్న అడిగింది నేను కాదు గానీ, పిచ్చికి ఇంత మర్యాద చెయ్యడం నాకు నచ్చలేదు. మా ఇంట్లో ఒకరికి ఏళ్ల తరబడి చికిత్స జరిగింది. ఇరుగుపొరుగు ఆ మాట అంటుంటే విన్నవాళ్లకు పిచ్చిమొక్క గుర్తు రాదండీ. ‘మానసిక అనారోగ్యం’ అంటే సరిపోతుంది కదా!

*

ఒప్పుకుంటున్నాను. మీరు చెప్పినదానికి బలం చేకూర్చే నవలే ఒకటి ఉంది: సిత్సి దంగరెంబ్గా 1988లో రాసిన ‘నెర్వస్ కండిషన్స్’. కథ రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో నడుస్తుంది. న్యాషా అనే అమ్మాయి తిండి మానేసి చిక్కిపోతుంది, చరిత్ర పుస్తకాన్ని పళ్లతో చీల్చేస్తుంది. చూపించడానికి తీసుకువెళ్తే, ఆఫ్రికన్లకు ఇలాంటి బాధలు రావని తెల్ల వైద్యుడు తేల్చేస్తాడు. తెలుగులో ఆయన చేత ‘వేషాలు వేస్తోంది’ అనిపించవచ్చు. అక్కడ ‘వ్యాధి’ అనిపించుకోవడం ఆ పిల్లకు దక్కని హక్కు. కాబట్టి ఆమె పక్షాన మాట్లాడే వాక్యంలో ‘మానసిక అనారోగ్యం’ అనే రాయాలి, ‘పిచ్చి’ పనికిరాదు.

ఆ నవల పేరును మాత్రం ‘నరాల బలహీనత’ అని చేయకండి, గోడల మీద ప్రకటనలు గుర్తొచ్చి పాఠకులు నవ్వుతారు! వలస పాలన మీద ఫ్రాంజ్ ఫానన్ రాసిన 1961 నాటి పుస్తకానికి ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ రాసిన ముందుమాట ఇంగ్లీషు అనువాదంలోంచి వచ్చిన పేరది. ఫ్రెంచిలో సార్త్ర్ వాడింది ‘నెవ్రోజ్’, అంటే వైద్యుల పరిభాషలోని మాట. ఫానన్ స్వయంగా అల్జీరియాలోని బ్లిదా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు. నేనైతే ‘కలత’ దగ్గర ఆగుతాను. అదీ పూర్తిగా సరిపోదు, ఫ్రెంచి మాటలోని ఆసుపత్రి వాసన అందులో లేదు.

*

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘ఉన్మాదం’ అన్నిచోట్లా కొట్టేశాను. ఇంకొక్కటి. ఉర్దూ రచయిత మంటో కథ ‘టోబా టేక్ సింగ్’ మీద ఒక భాగముంది. ‘పాగల్‌ఖానా’ను ‘పిచ్చాసుపత్రి’ అన్నాను. అందులో ఉండే బిషన్ సింగ్ అస్తమానం వల్లించే ఆ అర్థం లేని వాక్యాన్ని ‘ప్రేలాపన’ అన్నాను. బాగుందా?

*

పిచ్చాసుపత్రి బాగుంది, మార్చకండి. దేశ విభజన తర్వాత ఖైదీలను మార్చుకున్నట్టే పిచ్చివాళ్లనూ మార్చుకుందామని రెండు ప్రభుత్వాలు కూర్చుని నిర్ణయించే కథలో ‘మానసిక ఆరోగ్య కేంద్రం’ అంటే ఎకసెక్కం చచ్చిపోతుంది.

‘ప్రేలాపన’ దగ్గరే నా అభ్యంతరం. పంజాబీ, ఉర్దూ, ఇంగ్లీషు ముక్కలు కలిసిన వాక్యమది, నిజమే. కానీ పాకిస్తాన్ సంగతి ఏమంటావని అడిగితే అతడు దాని తోకను మార్చి పాకిస్తాన్ ప్రభుత్వమంటాడు. తర్వాత ఆ స్థానంలోకి టోబా టేక్ సింగ్ ప్రభుత్వం వస్తుంది. అడిగినదాన్ని బట్టి మారుతున్న మాటను ప్రేలాపన ఎలా అంటాం? ‘ఊతపదం’ అని చూడండి. పదిహేనేళ్లుగా కూర్చోకుండా నిలబడే ఉన్న మనిషి కదా.