అప్‌డేట్: ఢిల్లీ నంబర్ ఎస్‌యూవీ వదిలేశాను

ఢిల్లీ నంబరున్న పాత డీజిల్ లగ్జరీ ఎస్‌యూవీ హైదరాబాద్‌లో కొనొచ్చా అని అడిగాను కదండీ, కొనట్లేదు.

మీరు చెప్పినట్టే బండిని రాత్రంతా కదపకుండా ఉంచమన్నాను. పొద్దునకల్లా బండి ముందు భాగంలో ఎడమ పక్క రెండు వేళ్ల మందం దిగిపోయింది. ఎయిర్ స్ప్రింగ్ (స్టీల్ స్ప్రింగ్ బదులు బండిని మోసే గాలి సంచి) రబ్బరు మడతలో సబ్బునీళ్లు కొడితే సన్నగా బుడగలు. ఆ లీకును భర్తీ చేయడానికి గాలి నింపే కంప్రెసర్ పదేపదే తిరుగుతుంది, చివరికి అదీ పోతుంది. అందుకే ఖర్చు రెండింటికీ లెక్కేసుకోవాలి.

బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్‌లో ఒక్క ఫాల్ట్ కోడ్ (లోపాన్ని చూపే కోడ్) కూడా లేదు. కానీ రెడీనెస్ మానిటర్లు (పొగ నియంత్రణ భాగాలను బండి తనే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి) చాలావరకు 'నాట్ రెడీ' అంటున్నాయి. అంటే ఈమధ్యే కోడ్‌లు చెరిపేసి ఉండాలి, లేదా బ్యాటరీ తీసి ఉండాలి. నా నమ్మకం పోయింది ఇక్కడే.

పైగా ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), తెలంగాణలో మళ్లీ లైఫ్ ట్యాక్స్.