అప్‌డేట్: బాబు దరఖాస్తు పంపేశాం

బాబుకి వైకల్య భత్యం అడిగితే మా ఇంటి గుట్టంతా బయటపడుతుందేమోనని అప్పట్లో అడిగాను కదా. నిన్న దరఖాస్తు పంపేశాం.

డాక్టర్ రిపోర్టు మూడో పేజీలో నా డిప్రెషన్ మందుల గురించి, మేం భార్యాభర్తలం విడిగా ఉంటున్న సంగతి గురించి రెండు పేరాలున్నాయి. బాబు నడకకీ వాటికీ ఏం సంబంధం? పెన్నుతో కొట్టేద్దామనుకున్నాను గానీ, దిద్దిన కాగితం చూస్తే ఎవరికైనా అనుమానమే. డాక్టర్‌నే అడిగాను. బాబు సొంతంగా ఏ పనులు చేసుకోలేడు, రాత్రి ఎన్నిసార్లు లేవాలి, ఇంతవరకే ఒక పేజీలో విడిగా రాసిచ్చారు.

డాక్టర్ దగ్గరున్న పూర్తి ఫైలు కావాలా అని భత్యం ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కర్లేదన్నారు. ఈ ముక్క ముందే అడిగుంటే రెండు వారాల టెన్షన్ తప్పేది! ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, ఆదాయం ఎంత అన్న గడులు మాత్రం ఉన్నదున్నట్టే నింపాను. పంపినవాటి జిరాక్స్‌లు బీరువాలో పెట్టాను.