అప్‌డేట్: ఎడమకు లాగుతున్న గ్లైడర్ ఇప్పుడు నేరుగా ఎగురుతోంది

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నా హ్యాంగ్ గ్లైడర్ (పైలట్ కింద వేలాడుతూ ఎగిరే, ఇంజిన్ లేని గుడ్డ రెక్క), గాలి నిలకడగా ఉన్నా ఎడమకే తిరుగుతోందని, రెక్క చివర సర్దుబాటు మార్చాలా అని అడిగాను కదా. ముందు బాటెన్లు (రెక్క గుడ్డకు ఆకారమిచ్చే సన్నని వంపు కడ్డీలు) చూడమని చాలామంది చెప్పారు. కారణం అక్కడే దొరికింది.

ఒక్కో బాటెన్ ఎంత వంపుతో ఉండాలో గీసి తయారీదారు ఇచ్చిన బాటెన్ చార్ట్‌ను నేల మీద పరిచి, ఒక్కో బాటెన్‌ను గీత మీద పెట్టి చూశాను. కుడివైపువి దాదాపు సరిపోయాయి. ఎడమవైపు చివరికి దగ్గరగా ఉన్నవి మాత్రం వంపు తగ్గి చదునుగా అయ్యాయి. వంపు తగ్గితే ఆ రెక్కకు లిఫ్ట్ (పైకి లేపే బలం) తగ్గుతుంది, గ్లైడర్ అటే వాలుతుంది. చేత్తో నెమ్మదిగా వంచుతూ, మళ్లీ మళ్లీ చార్ట్‌తో పోల్చుకుంటూ సరిచేశాను. ఓపిక కావాల్సిన పని, కానీ నాకు భలే నచ్చింది.

తర్వాత మా ఇన్‌స్ట్రక్టర్ సైడ్ వైర్లు, లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందు అంచు) గొట్టాలు చూసి బాగున్నాయన్నారు. ఉదయం ప్రశాంతమైన గాలిలో, హ్యాంగ్ చెక్ (ఎగిరే ముందు గ్లైడర్‌కు వేలాడి, సరిగ్గా తగిలించుకున్నామో లేదో చూసుకోవడం) అయ్యాక, చిన్న కొండ మీంచి దిగాను. కంట్రోల్ బార్‌ను వేళ్లతో తేలిగ్గా పట్టుకున్నా నేరుగా వెళ్లింది! రెక్క చివరలను అసలు ముట్టుకోలేదు.

ఇలాంటి సమస్య ఉన్నవాళ్లు దయచేసి బాటెన్లతోనే మొదలుపెట్టండి. సలహా ఇచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.