షియాట్సులో క్యో, జిత్సు తేడా చేతికి ఎలా తెలుస్తుంది?

నమస్కారం అండీ. నేను ఒసాకాలో ఉంటాను. నెల రోజులుగా షియాట్సు, అంటే వేళ్లతో ఒత్తి చేసే జపాన్ మర్దన, నేర్చుకుంటున్నాను. చైనా వైద్యంలోని 'చీ'నే ఇక్కడ 'కీ' అంటారు. ఆ ప్రాణశక్తి 12 మార్గాల్లో ప్రవహిస్తుందని, తగ్గినచోట క్యో, పేరుకున్నచోట జిత్సు అని మా టీచర్ చెప్పారు.

మోకాలిచిప్పకు నాలుగు వేళ్ల కింద, బయటివైపు, ఆ 12లో ఒకటైన పొట్ట మార్గంలో ఒక బిందువు ఉంది. అక్కడ బొటనవేలు ఆనించగానే అది క్యోనో, జిత్సునో మా టీచర్‌కు తెలిసిపోతుంది. నాకేమో కండ మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అన్నంతవరకే తెలుస్తోంది. మెత్తగా ఉన్నదల్లా క్యోనేనా?

ఇంకో సందేహం. షియాట్సులో నామికోషి అనే గురువు పద్ధతి శరీర నిర్మాణం మీద నడుస్తుంది. మసునాగా అనే మరో గురువు పద్ధతికి ఈ మార్గాలే ప్రాణం. రెండూ నేర్చుకున్నవాళ్లుంటే, ముందు ఏది పట్టుకోవాలో చెప్పండి. అమ్మకు మెడ పట్టేస్తుంటుంది, సెలవులకు ఇంటికెళ్లేలోపు కాస్త చేయి తిరగాలని నా ఆశ.