సలహా అడిగే ముందు సొంత ప్లాన్ ఉండాలా, వద్దా?

ఎర్రనేల (దేవరకొండ): ఈ రైతుల గ్రూపులో రోజూ ఒకటే ప్రశ్న. "అన్నా, నాలుగెకరాలుంది, బత్తాయి పెట్టాలా, ఆయిల్ పామ్ పెట్టాలా?" అంతే. బోరు ఎంత పోస్తుందో చెప్పరు, నేల ఎట్లాంటిదో చెప్పరు, కాపుకొచ్చే నాలుగైదేళ్లు ఇల్లెట్ల గడుస్తదో అసలే చెప్పరు. తలా ఒకటి చెప్తారు, అడిగినాయన ఇంకింత టెన్షన్ పడి పోతాడు. ముందు మీ ప్లాన్ మీరు వేసుకొని రండి, తప్పులుంటే మేం చెప్తాం. అది లేని పోస్టులు తీసేద్దాం.

నిడమనూరు బావ: తీసేస్తావా? బాగుంది! ప్లాన్ వేసుకొని వచ్చేటోడు సలహాకు రాడన్నా, "మస్తుంది" అనిపించుకోవడానికి వస్తాడు. మా పక్కూరాయన ఆరు మీటర్లకో గుంత లెక్కన ఎకరానికి 110 గుంతలు తీసి, నర్సరీలో అడ్వాన్స్ కూడా కట్టి, అప్పుడు మమ్మల్ని పిలిచాడు. చూస్తే మూడడుగుల కింద తెల్లగా సున్నం. ఆ మట్టి మీద యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగింది. సున్నం నేలలో బత్తాయి నిలవదు, ఆకులు పసుపు తిరుగుతాయని చెప్తే "గుంతలు తీసినం కదా" అంటాడు. ఇంకేం చెప్పాలె?

కల్వకుర్తి వాసి: బావా, అడ్వాన్స్ కట్టాక అది ప్లాన్ కాదు, అయిపోయిన పని. కాగితం మీద ఉన్నంతవరకే ప్లాన్, కొట్టేసుకోవచ్చు. తోటకు మట్టి పరీక్షంటే పైపైన పిడికెడు తీస్తే సరిపోదు, అడుగుకో నమూనా లెక్కన లోతుకు తీయాలి. ఆ ఒక్క పని ముందు చేసుంటే ఆయన గుంతల ఖర్చు మిగిలేది. నీళ్లదీ అంతే. ఆయిల్ పామ్ ఎకరానికి 57 చెట్లు, పెద్ద చెట్టుకు ఎండాకాలం రోజుకు 200 లీటర్లు వేసుకున్నా నాలుగెకరాలకు 45,600 లీటర్లు. మీ బోరు 200 లీటర్ల డ్రమ్మును రెండు నిమిషాల్లో నింపితే మోటారు రోజూ ఏడున్నర గంటలు ఆగకుండా నడవాలి. ఇంత లెక్క చేసుకుంటే సగం ప్రశ్నలు అడిగే పనే ఉండదు.

అచ్చంపేట అక్క: లెక్కలొచ్చినోళ్లకు ఎక్కడైనా నడుస్తది తమ్ముడూ. మా అత్తమ్మకు నలభై ఏళ్ల సేద్యం తెలుసు, కాగితం మీద రెండు ముక్కలు రాయమంటే రాదు. ఇక్కడ "ప్లాన్ ఏది" అని గద్దిస్తే అట్లాంటోళ్లు నేరుగా పురుగుమందుల దుకాణానికే పోతారు. ఆ దుకాణమాయన ఏమీ అడగడు, ఏ డబ్బా మిగిలిపోయిందో అది చేతిలో పెడతాడు. ముందు అడగనీయండి, అడిగినాక ఒక్కొక్కటి మీరే గుంజండి.

ఎర్రనేల: అక్కా, రాయమని ఎవరన్నారు, వాయిస్ పెట్టినా చాలు. పోస్టులు తీసేసే మాట పక్కన పెడతా. కానీ డ్రమ్ము లెక్క, మట్టి సంగతి చెప్పనోళ్లకు నేనైతే జవాబియ్యను, ఏమన్నా అనుకోండి.

నిడమనూరు బావ: ఇయ్యకు. మేమున్నం కదా.

కొత్త సభ్యుడు (మర్రిగూడ): అన్నలూ, ఇది చదివి ఇప్పుడే డ్రమ్ము పెట్టి చూసిన. నిండడానికి ఐదు నిమిషాలు పట్టింది. నాలుగెకరాలూ బత్తాయే అనుకుంటున్న. మట్టి ఇంకా తీయలే.

కల్వకుర్తి వాసి: అంటే గంటకు 2,400 లీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో కూడా ఇంతే పోస్తదా, లేక ఆగి ఆగి పోస్తదా?